కంపెనీకి కనెక్షన్ లేని అలారం పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. నెలనెలా డబ్బు కట్టి కంపెనీ నిఘా (అలారం మోగితే కంపెనీవాళ్లకి తెలిసే ఏర్పాటు) పెట్టించుకోకపోతే ఇంట్లో దొంగల అలారం దండగేనా అని నిన్న అడిగారు కదా. నా లెక్కలో దండగ కాదు, కానీ దాని పని సగమే.

అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీ షార్లట్ శాఖ పరిశోధకులు 2012లో జైళ్లలో ఉన్న 422 మంది దొంగలను అడిగారు. అలారం ఉందని తెలిస్తే వేరే ఇల్లు చూసుకుంటామని దాదాపు 60% మంది చెప్పారు. (ఆ సర్వేకి డబ్బు పెట్టింది అలారం పరిశ్రమకు చెందిన ఫౌండేషనే, అది కూడా గుర్తుంచుకోండి.) బయటి నుంచి చూసే దొంగకి మీరు నెలనెలా కడుతున్నారో లేదో తెలీదు. బెదరాల్సినవాడు అలారం ఉందని చెప్పే బోర్డు, సైరన్ డబ్బా చూసే బెదురుతాడు.

తేడా వచ్చేది తలుపు పగిలాకే. సైరన్ మోగితే ఎవరో ఒకరు బయటికి వచ్చి చూడాలి. పక్కిళ్లు దూరంగా ఉన్నా, అది ఊరికే మోగుతుందని అందరికీ అలవాటైపోయినా ఎవరూ రారు. అందుకే ఫోన్‌కి అలర్ట్ పంపే రకం తీసుకోండి, మీ నంబర్ పక్కింటివాళ్లకీ ఇవ్వండి. బ్యాకప్ బ్యాటరీ తప్పనిసరి.

అలారం కన్నా ముందు తలుపు గడియ గట్టిదో కాదో చూసుకోండి.