ముందు కాళ్లు చూసి, ఆ తర్వాతే చెయ్యి వేసిన అన్నకు కృతజ్ఞతలు

రామ్‌నగర్‌లో మా ఇంటికొచ్చి నాన్నకు మాలిష్ చేస్తున్న అన్నకు, ఆయన్ని మాకు చూపించిన ఫిజియోథెరపిస్ట్ మేడమ్‌కు నలుగురిలో థ్యాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నాన్నకు చాలా ఏళ్లుగా షుగర్. నరాలు దెబ్బతిని అరికాళ్లు మొద్దుబారాయి. రాత్రయితే మాత్రం మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు. స్పర్శ తెలియని కాలు మండడమేమిటని చుట్టాలు ఆశ్చర్యపోతారు గానీ, ఈ జబ్బులో రెండూ కలిసే ఉంటాయి. ఎవరైనా కాళ్లు పిసికితే కాస్త నిద్ర పడుతుందని ఆయన ఆశ.

అన్న వచ్చిన మొదటి రోజు నూనె సీసా మూత కూడా తీయలేదు. లైటు వేయించి మడమలు, అరికాళ్లు, వేళ్ల సందులు అన్నీ చూశారు. డాక్టర్ స్పర్శ పరీక్ష చేశారా అని అడిగారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ తీగను అరికాలికి ఆనించి, తెలుస్తోందా అని అడిగే పరీక్ష అది. ఆ రిపోర్టు చూసి, స్పర్శ లేని చోట్లు గుర్తుపెట్టుకున్నారు. ఎడమ బొటనవేలి కింద ఆనెలో నల్లటి మచ్చ ఆయన కంట పడింది. "అక్కా, లోపల రక్తం చేరినట్టుంది. డాక్టర్ చూసేదాకా నేను చెయ్యి వెయ్యను" అని, రూపాయి తీసుకోకుండా వెళ్లిపోయారు. డాక్టర్ ఆనె చెక్కి చూస్తే కింద పుండు మొదలై ఉంది. నాన్నకు అక్కడ చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు!

అది పూర్తిగా మానాకే మాలిష్ మొదలుపెట్టారు. "మిగతావాళ్లు నొప్పేస్తే అబ్బా అంటారు, నేను చెయ్యి తేలిక చేస్తా. పెద్దాయనకు నొప్పి తెలియదు. అందుకే ఇంకా గట్టిగా ఒత్తమన్నా ఒత్తను" అన్నారు. ఇంట్లో ఇలాంటివాళ్లున్న ప్రతి ఒక్కరూ వినాల్సిన మాట ఇది. బొటనవేలితో పొడవరు, అరచేత్తో మెల్లగా నిమురుతారు. నూనె పొయ్యి మీద కాచనివ్వరు, మంట పుట్టించే బామ్‌లు రాయరు. వేళ్ల సందుల్లో నూనె మిగలకుండా తుడుస్తారు. తొడకు ఇన్సులిన్ వేసుకున్న చోట రుద్దరు, మందు తొందరగా ఒంట్లోకి ఎక్కి షుగర్ పడిపోవచ్చు కాబట్టి. అయిపోయాక కాళ్లు మళ్లీ ఓసారి చూస్తారు. ఒక పిక్క మాత్రమే వాచినా, నొప్పి లేకుండా పాదం ఎర్రబడి వేడెక్కినా మాలిష్ మాట ఎత్తకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లమని ముందే చెప్పి ఉంచారు.

మేడమ్ కూడా ఆశలు పెట్టలేదు. మాలిష్‌తో చచ్చుబడ్డ నరం తిరిగి రాదని, హాయి మాత్రమే దొరుకుతుందని మొదటే తేల్చి చెప్పారు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నవాళ్లకు బి12 విటమిన్ తగ్గి తిమ్మిర్లు పెరగవచ్చని, డాక్టర్‌ని అడిగి ఆ పరీక్ష చేయించమని గుర్తుచేసింది కూడా ఆవిడే.

మంటలు పూర్తిగా పోలేదు, అయినా నాన్న ఇప్పుడు మునుపటికంటే నయంగా నిద్రపోతున్నారు. మాకు అదే చాలా పెద్ద విషయం.

అన్నా, మీ అమ్మగారికి కూడా షుగర్ అన్నారు కదా. మేడమ్‌తో మాట్లాడాను, అమ్మగారి కాళ్లు కూడా చూస్తానన్నారు. ఈసారి వచ్చేటప్పుడు అమ్మను తప్పకుండా తీసుకురండి, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.