మన మైదానం పునరుద్ధరణ: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం గ్రంథాలయం, పిల్లల తెలుగు తరగతులు, ఉగాది పంచాంగ శ్రవణం ఈ ఏడాది కూడా యథావిధిగా సాగాయి. మీ విరాళాల్లోనూ మా సమయంలోనూ ఎక్కువ భాగం ఫుట్‌బాల్ మైదానానికే వెచ్చించాము కనుక, ఈ నివేదికను ఆ పనికే కేటాయిస్తున్నాను.

1936 ఏప్రిల్ 1న గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చిన తరువాత బరంపురంలోనే నిలిచిపోయిన మన తాతల తరం, ఈ ఖాళీ స్థలంలో వెదురు గడలు పాతి, ఉత్తికాళ్లతో బంతి ఆడేదని పెద్దలు చెబుతారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో 1-2తో ఓడిన మన దేశ జట్టులో కూడా ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత్ స్వర్ణం గెలిచినప్పుడు మన పేటలో మిఠాయిలు పంచుకున్నారని విన్నాను. ఆ తరంవారు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారి జ్ఞాపకాలను రాసిపెట్టడం ఈ ఏడాదే మొదలుపెట్టాము.

మైదానం పాడవడానికి 1999 అక్టోబరు తుఫాను, 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను చాలావరకు కారణం. గ్యాలరీ రేకులు ఎగిరిపోయాయి, గోడ కూలింది. అయితే అసలు నష్టం ఆ తరువాత జరిగిందని నా అభిప్రాయం. గుంటలు పూడ్చడానికి తోలించిన మొరం బండల్లే గట్టిపడి, వాన నీరు ఇంకకుండా చేసింది. దానికితోడు మన ఊరి అమ్మవారి జాతరైన ఠాకురాణి యాత్ర జరిగే ఏళ్లలో వాహనాలు నిలపడంతో నేల మరింత బిగిసింది. గోల్‌పోస్టులు కొలిచినప్పుడు, నేల నుంచి 2.44 మీటర్ల ఎత్తులో ఉండవలసిన అడ్డుబద్ద జానెడు తక్కువగా ఉంది. బద్ద కుంగలేదు, నేలే పెరిగింది.

అందుకే ముందు గ్యాలరీ కట్టాలని కోరిన సభ్యుల మాటను గౌరవిస్తూనే, కార్యవర్గం మొదట నేలను బాగుచేయాలని నిర్ణయించింది. మొరాన్ని పాత మట్టి కనిపించేదాకా తవ్వి తీసి, పశువుల ఎరువు, ఏటి ఇసుక కలిపిన మట్టిని పరిచాము. నీరు ఆగకుండా నడిమి భాగాన్ని కొద్దిగా ఎత్తుగా ఉంచి, నాలుగు వైపులకూ వాలు ఇచ్చి, అంచున కాలువ తవ్వించాము. తొలకరి పడగానే గరిక పిలకలు జానెడు దూరంలో నాటాము. రోజూ సాయంత్రం నీళ్లు పోసినవారు ఇక్కడి పిల్లలే, మన తెలుగు ఇళ్లవారూ ఒడియా ఇళ్లవారూ కలిసి. వేరు పట్టేదాకా ఆట ఆపమంటే వారు ఓపిగ్గా ఆగారు. ఆ ఓపికకు సంఘం రుణపడి ఉంది. అంతర్జాతీయ పోటీలకు వాడే 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు మన స్థలంలో పట్టవు. కానీ నిబంధనలు అనుమతించే 90, 45 మీటర్ల కనీస కొలతలకు తగ్గకుండా గీతలు గీయగలిగాము.

2022లో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో భారత జట్టు ఆడిన తరువాత, మన పేట ఆడపిల్లలు కూడా పొద్దుటి సాధనకు రావడం మొదలైంది. వారికి బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి లేవు. ఇంతకాలం మనం దాన్ని పట్టించుకోకపోవడం సంఘం లోపమేనని ఒప్పుకుంటున్నాను. గ్యాలరీ కన్నా ముందు ఆ గదిని కట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీనిపై ఓటింగు జరుగుతుంది. ఈ లోగా కాలువలో చెత్త వేయవద్దని, గేటు లోపలికి బండ్లు తేవద్దని తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ బోర్డు పెట్టించాము. అక్టోబరు వానలకు ముందే కాలువ పూడిక తీయడానికి ప్రతి వీధి నుంచి ఇద్దరి పేర్లు కావాలి. దయచేసి ఈ వారంలోగా కార్యాలయంలో నమోదు చేయించండి.