తారీఖుల వారీగా రిపోర్టులు పేర్చిన అక్కకు

నా బ్లడ్ క్యాన్సర్ చికిత్స ముగిసి రెండేళ్లు దాటింది. బోన్ మ్యారోలో జబ్బు కణాలు లేవని చెప్పిన రోజు ఇంటినిండా జనం. ఆ తర్వాత ఎవరు పలకరించినా ఒకటే మాట, "ఇంకేం, గండం గడిచింది కదా!" నేనూ అదే అనుకున్నాను. సాయంత్రానికి పాదాలు వాచినా, రాత్రి మూడుసార్లు లేవాల్సొచ్చినా కీమో నీరసం ఇంకా వదల్లేదని సరిపెట్టుకున్నాను.

అక్కా, మీరు నాకు ఏమీ కారు. రక్తపరీక్ష కోసం కూర్చున్నచోట పక్క కుర్చీలో ఉన్నారు, అంతే. మీవారి డయాలసిస్ గురించి చెబుతూ, నా చేతిలోని లావుపాటి ఫైలు చూసి "పాత రిపోర్టులన్నీ ఉన్నాయా తమ్ముడూ?" అన్నారు. ఖాళీ కుర్చీల మీద వాటిని తారీఖుల వారీగా పేర్చి, నా పరీక్ష చీటీ వెనక క్రియాటినిన్ (కిడ్నీల పని తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) అంకెలు మాత్రమే ఒకదాని కింద ఒకటి రాశారు. 0.8, 1.1, 1.3, 1.4, 1.7. ఒక్కో రిపోర్టూ విడిగా చూసినప్పుడు "కొంచెం ఎక్కువ" అని వదిలేసినవే. వరసలో చూస్తే నాకే అర్థమైంది.

తర్వాత మీరడిగిన ప్రశ్న ఇంకా ముఖ్యం. "నొప్పి మాత్రలేమైనా వాడుతున్నావా?" వాడుతున్నాను. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, నెలల తరబడి, దాదాపు రోజూ. మీరు తిట్టలేదు. "ఈ కాగితం ఇవాళే డాక్టరుకి చూపించు" అన్నారు.

కిడ్నీ డాక్టరుగారికి కూడా ఎంతో రుణపడ్డాను. పాత ఫైలంతా ఓపిగ్గా చదివి జరిగింది చెప్పారు. అధిక మోతాదులో ఎక్కించిన మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ప్రధానంగా కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. నాకొకసారి రక్తంలో దాని మోతాదు ఆలస్యంగా తగ్గింది. సెలైన్లు, దాని విషప్రభావానికి విరుగుడైన ల్యూకోవోరిన్ ఎక్కువ రోజులు ఇవ్వాల్సొచ్చింది. తర్వాత ఊపిరితిత్తుల్లో ఫంగస్, దానికి వారాలపాటు ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు. అదీ కిడ్నీలకు బరువైన మందే. అప్పటికే అలిసిన కిడ్నీల మీద నా నొప్పి మాత్రలు తోడయ్యాయి. ఆ రెండు మందుల మీద నాకు కోపం లేదు, అవి లేకపోతే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదు. కోపమల్లా చికిత్స అయ్యాక ఇంటికి పంపుతూ చేతికిచ్చిన కాగితంలో కిడ్నీల గురించి ఒక్క ముక్కయినా లేనందుకు.

ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంచనా, 52 వచ్చింది. 60 కన్నా తక్కువగా మూడు నెలలు దాటి ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారట. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. డయాలసిస్ మాట ఇప్పుడు అనవసరమని డాక్టరుగారే ధైర్యం చెప్పారు. నొప్పి మాత్రలు ఆపించారు. మూత్రంలో ప్రొటీన్ పోతోందని, దాన్ని తగ్గించే బీపీ మాత్ర మొదలుపెట్టారు. స్కానింగుకి రంగుమందు ఎక్కించాల్సొస్తే ముందే కిడ్నీల సంగతి చెప్పమన్నారు. మూడు నెలలకు క్రియాటినిన్ 1.5కి దిగింది. పాత 0.8 మళ్లీ వస్తుందని ఆశపెట్టుకోవద్దని మాత్రం నా మొహం మీదే చెప్పేశారు. అలా చెప్పినందుకు కూడా థాంక్స్.

మందుల షాపు తమ్ముడొకడున్నాడు. మోకాలు పట్టేసిన ఓ రోజు మనసాగక మళ్లీ ఆ మాత్రే అడిగితే, "కిడ్నీ మందులు మా దగ్గరే కొంటున్నారు కదన్నా, ఇది ఇవ్వను" అన్నాడు. ఆ రోజు లోపల్లోపల తిట్టుకున్నాను. సారీ తమ్ముడూ. కిడ్నీలను కడిగేస్తుందంటూ ఓ బంధువు తెచ్చిన పొడి కూడా మూత తీయకుండానే పక్కన పెట్టాను. ఆయన ప్రేమకు దండం, పొడికి కాదు.

అక్కా, ఆ చీటీని అలాగే దాచుకున్నాను. 1.7 కింద 1.5 నేనే రాశాను, మీ పెన్నుతోనే. ఆ రోజు కంగారులో అది నా ఫైల్లోనే ఉండిపోయింది. వచ్చే నెల పరీక్షకి వచ్చినప్పుడు పట్టుకొస్తాను.