విషయం: చీబా గోల్ఫ్ టూర్‌లో పోయిన క్లబ్ (గోల్ఫ్ ఆడే కర్ర), దాని కోసం మీరు నన్ను తిప్పుతున్న తీరు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

"మీ సమస్య పరిష్కారమైంది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని నిన్న మెయిల్ పంపారు. ఏ సమస్య, ఎప్పుడు పరిష్కారమైందో చెబితే నేనూ సంతోషిస్తాను.

టోక్యో దగ్గర చీబా కొండల్లో, అడవి మధ్య ఉన్న ఆ గోల్ఫ్ కోర్సు మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆట అయ్యాక, మా బ్యాగులు చూసుకునే క్యాడీ ఆవిడ క్లబ్బులు ఒక్కొక్కటే లెక్కపెట్టి, 14 ఉన్నాయని చూపించి, కార్డు మీద నా సంతకం తీసుకుంది. తర్వాత మీ గైడే బ్యాగును క్లబ్‌హౌస్ కౌంటర్‌లో ఇచ్చి నరీతా ఎయిర్‌పోర్టుకు కొరియర్ చేయించాడు. హైదరాబాద్ వచ్చి తెరిస్తే డ్రైవర్, అంటే బంతిని దూరం కొట్టే పెద్ద క్లబ్, లేదు. అది ఏ బ్రాండో, ఎంతకు కొన్నానో మళ్ళీ రాయను. మీ ఫారాల్లో నింపీ నింపీ విసుగొచ్చింది.

ఫోన్ ఎత్తిన మొదటి అమ్మాయి ఎయిర్‌లైన్స్‌ను అడగమంది. వాళ్ళేమో "బ్యాగ్ అందిందా? అందితే ఇంకేంటి సార్?" అన్నారు. మీ గైడ్ కొరియర్ వాళ్ళ మీదకు నెట్టాడు, కొరియర్ వాళ్ళు కోర్సు మీదకు. ఎవరికి వారే యమునా తీరే. ఇంకో అబ్బాయి మరీ తెలివైనవాడు: "సంతకం పెట్టారు కదా సార్, అంటే అన్నీ అందినట్టే." బాబూ, ఆ సంతకం కౌంటర్‌లో ఇవ్వకముందు పెట్టింది. అప్పటిదాకా క్లబ్బులన్నీ ఉన్నాయనడానికి సాక్ష్యం అదే!

పోనీ కోర్సుకు ఫోన్ చేయండంటే, రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక చేసి "జపాన్ ఆఫీస్ మూసేశారు సార్" అంటారు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు. పొద్దున ఏడింటికి చేస్తే అక్కడ పదిన్నర. టూర్లు అమ్ముకునే మీకు ఇది నేను చెప్పాలా?

అన్నట్టు, అక్కడ గోల్ఫ్ ఆడితే కట్టే పన్ను 70 దాటినవాళ్ళకు ఉండదట. మాతో వచ్చిన పెద్దాయనకు మీ బిల్లులో అదీ వేశారు. పన్ను లెక్క మాత్రం మీకు బాగా గుర్తుంటుంది.

మా నాన్నగారి కాశీయాత్ర నుంచి మా అమ్మాయి హనీమూన్ దాకా మీ దగ్గరే బుక్ చేశాం. డబ్బు కట్టించుకునే రోజుల్లో మేనేజర్ గారే స్వయంగా ఫోన్ చేసేవారు. ఇప్పుడు "మీ కాల్ మాకు ముఖ్యం" అనే రికార్డు తప్ప మనిషి గొంతు వినపడదు.

క్లబ్ వెతికిస్తారో, డబ్బే ఇస్తారో మీ ఇష్టం. ముందు ఆ క్యాడీ కార్డు కాపీ తెప్పించి పంపండి, పేరున్న మనిషెవరైనా జవాబివ్వండి. లేదంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెబుతాను, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వచ్చే ఏడాది జపాన్ టూర్‌కని మా మిత్రులు మీ కొటేషన్ తెప్పించుకున్నారు. ఈ ఉత్తరం కాపీ వాళ్ళకూ పంపుతున్నాను. వాళ్ళలో ఇద్దరు లాయర్లు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
హైదరాబాద్