రొయ్యల షెడ్డు నడుపుతున్న అబ్బాయికి

నాయనా,

లేబర్ డిపార్ట్‌మెంటు వాళ్లు తనిఖీకి వస్తే ఏ ఫైళ్లు రెడీగా పెట్టుకోవాలని ఫోన్లో అడిగావు. డిపార్ట్‌మెంటులో రిటైరైన తల్లి ఉంటే కన్సల్టెంటు ఫీజు మిగులుతుంది మరి. ఫోన్లో చెబితే సగం విని "సరేలేమ్మా" అంటావని రాస్తున్నా. మొన్న ముత్తుకూరు రోడ్డులో మీ యూనిట్‌కి వచ్చినప్పుడు ఫైళ్లు తిరగేశాను. బాగానే ఉన్నాయి. నా టెన్షనల్లా ఆ ఫైళ్లలో రాసి ఉన్నదేదీ షెడ్డులో నా కంట పడకపోవడమే.

ఆఫీసు గది పక్కన లైంగిక వేధింపుల కమిటీ బోర్డు తగిలించావు. ఇంగ్లీషులో ఉంది. అధ్యక్షురాలిగా కోడలి పేరు. ఆ పిల్ల తన బ్యాంకు ఉద్యోగం తను చేసుకుంటూ, ఆయుధపూజకు తప్ప అక్కడ అడుగైనా పెట్టదు. బయటి సభ్యుడేమో మీ ఆడిటరు. 2013 చట్టం ప్రకారం పది మంది పనిచేసే ప్రతి చోటా ఈ కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు అక్కడే పనిచేసే సీనియర్ మహిళ అయి ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బయటి మనిషి మహిళల కోసం పనిచేసే సంస్థ నుంచో, ఈ విషయాలు తెలిసినవాళ్లలోంచో రావాలి. లేదంటే 50,000 రూపాయల దాకా జరిమానా, రెండోసారి దొరికితే రెట్టింపు, లైసెన్సుకే ఎసరు రావచ్చు. డబ్బు సంగతి అటుంచు. రొయ్యలు ఒలిచే పిల్ల సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు చెయ్యాలంటే యజమాని భార్య దగ్గరికి పోతుందా? మీ ల్యాబ్‌లో ఒక పెద్దావిడ ఉంది చూడు, షెడ్డంతా ఆమెను అక్కా అంటుంది. ఆమెను కూర్చోబెట్టు. బోర్డు తెలుగులోనూ ఒడియాలోనూ రాయించి, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో పెట్టించు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంటుంది, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. విచారణ 90 రోజుల్లో తేలాలి. ఎంతో కొంత చేతిలో పెట్టి రాజీ చేద్దామంటే ఈ చట్టం ఒప్పుకోదు. మన వైపు పెద్దమనుషులకు ముందుగా తోచేది అదే గనుక చెబుతున్నా.

నువ్వు బయ్యరుతో మాట్లాడుతుంటే నేను ఒలిచే బల్ల దగ్గర నిలబడ్డాను. ఒకామె గ్లౌజు తీసి చెయ్యి చూపించింది. ఐసు నీళ్లలో నాని వేళ్ల సందులు ఒరుసుకుపోయి ఉన్నాయి. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "కడుపు కనబడిందంటే మేస్త్రీ వ్యాను ఎక్కించుకోడమ్మా" అంది. నీ రిజిస్టరులో ప్రసూతి సెలవు పేజీ ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు అర్థమైంది. ముందటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన ఏ ఆడమనిషికైనా మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు రావాలి. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి, నేను బట్టీ పట్టిన చట్టాల పేర్లు చాలావరకు మారిపోయాయి గానీ ఈ 26 వారాలు చెక్కుచెదరలేదు. కూలీలను తెచ్చే మేస్త్రీ మనుషులంటూ నువ్వు తప్పించుకోలేవు. వాడు కూలి ఎగ్గొట్టినా కట్టాల్సింది అసలు యజమానే.

ఇందులో నీలాంటి చిన్న యజమానులు చూడని సంగతొకటి ఉంది. నెలకు 21,000 లోపు జీతమున్న వాళ్లందరినీ ఈఎస్ఐలో, అంటే కార్మికుల ప్రభుత్వ బీమాలో చేర్పిస్తే, అర్హత ఉన్నవాళ్లకు ఆ 26 వారాల డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, నీ జేబులోంచి పోదు. నీ వాటా జీతంలో 3.25 శాతం, వాళ్లది 0.75. ఆ కాస్త మిగుల్చుకోవడానికి సగం మంది పేర్లు దాచిపెట్టి, రేపు ఒకామెకు కాన్పు వస్తే మొత్తం నెత్తినేసుకోవడం ఏం వ్యాపారం? పైగా మొత్తం పనివాళ్లు యాభై దాటితే పసిపిల్లల గది ఉండాలి. ఆడవాళ్లు మాత్రమే యాభై అనుకుంటున్నావేమో, కాదు.

రాత్రి షిఫ్టు గురించి. ఆడవాళ్లను రాత్రి పనికి పెట్టుకోవచ్చు, కానీ వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రంగా ఇల్లు చేర్చాలి. నీ సమ్మతి పత్రాల్లో సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతలో ఉన్నాయి. అలాంటివి సర్వీసులో ఎన్ని చూశానో! ఇన్‌స్పెక్టరు కళ్లు మొదట పడేది అక్కడే.

ప్యాకింగ్‌కి వచ్చిన వినబడని కుర్రాణ్ణి ఫోర్క్‌లిఫ్ట్ హారన్ వినబడదని మీ మేనేజరు పంపేశాడట. బండికి తిరిగే లైటు పెట్టించి, అది తిరిగే దారి వేరు చేస్తే సరిపోయేదానికి! 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సమాన అవకాశాల విధానం ప్రైవేటు సంస్థ కూడా రాసుకోవాలి. అతన్ని మళ్లీ పిలిపించు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది మేస్త్రీ డ్రాయరు. ఐసు లెక్కల పుస్తకం కోసం లాగితే రబ్బరు బ్యాండు వేసిన ఆధార్ కార్డుల కట్ట బయటపడింది. రొయ్యల గుంటల మీద కాపలా ఉండే యానాది గిరిజన కుటుంబాలవి, అడ్వాన్సుకు హామీ అట. నువ్వు సరుకు తెచ్చుకునే గుంటలే అవి. అప్పు తీరేదాకా కదలనివ్వకపోతే దాని పేరు వెట్టిచాకిరీ. 1976లోనే నిషేధించారు, ఆ బాకీ కూడా చట్టం ప్రకారం రద్దయిపోతుంది. వాళ్లను పది మంది ముందు కులం పేరుతో తిడితే అట్రాసిటీ కేసు వేరే. ముందస్తు బెయిల్ కూడా దొరకడం కష్టం. మీ మేస్త్రీ నోరు నేను విన్నాను. "నాకు తెలియదు సార్" అని నువ్వు కలెక్టర్ ముందు నిలబడి చెప్పడం నాకు ఊహించుకోవాలని లేదు.

ఆ కార్డులు రేపు పొద్దున్నే ఎవరివి వాళ్ల చేతికి ఇప్పించు, నువ్వు దగ్గరుండి. తర్వాత ప్రతి ఒక్కరికీ నియామక పత్రం, ఆ తర్వాత ఈఎస్ఐ. బోర్డు వారంలోగా మార్చు. పేరు తీయమన్నానని కోడలికి నువ్వే చెప్పు, నేను చెబితే అత్తగారి మాటవుతుంది.

అమ్మ