వంటింట్లో రెండు బుట్టలు

తల్లిదండ్రులకు నమస్కారం.

వేసవి సెలవులు ముగిసి ఈ నెల 12న బడి తెరిచాం. పుస్తకాలు, యూనిఫాంలు, బ్యాగుల కొనుగోళ్ళతో మీరు తీరిక లేకుండా ఉంటారని తెలుసు. ఏటా జూన్ 5న వచ్చే ప్రపంచ పర్యావరణ దినోత్సవం మన బడులు తెరవకముందే వెళ్ళిపోతుంది. నాలుగు మొక్కలు నాటి ఫొటో దిగే అవకాశం తప్పిపోయినందుకు మాకు బాధ లేదు. ఈ విద్యా సంవత్సరమంతా ఇళ్ళలో సాగే పని ఒకటి మొదలుపెట్టాలని ఉపాధ్యాయులందరం అనుకున్నాం. అది మీరు పూనుకుంటేనే జరుగుతుంది. "తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు" అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు, ఇంటికెళ్ళి అరటి తొక్కనూ చిప్స్ ప్యాకెట్‌నూ ఒకే బుట్టలో పడేస్తే ఆ పాఠం వాడి ఒంటికి పట్టనట్టే.

అందుకే మిమ్మల్ని ముఖ్యంగా ఒక్కటే అడుగుతున్నాను. వంటింట్లో రెండు బుట్టలు పెట్టండి. ఒకటి తడి చెత్తకు, ఒకటి పొడి చెత్తకు. మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. హైదరాబాద్ చెత్తలో ఎక్కువ భాగం జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే చేరుతుంది. మనం సొరకాయ తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి బిగించి ఇస్తాం. ఆ కవరు గుట్ట కిందికి పోయాక లోపల గాలి ఆడదు. గాలి లేకుండా కుళ్ళిన పదార్థం నుంచి మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఆ కుళ్ళులోంచి ఊరే నల్లటి నీళ్ళు నేలలోకి దిగుతాయి. యార్డు చుట్టుపక్కల కాలనీల వాళ్ళు ఆ వాసనను, పాడైన బోరు నీళ్ళను ఏళ్ళ తరబడి భరిస్తున్నారు. అక్కడా మన పిల్లల ఈడు పిల్లలున్నారు.

అదే సొరకాయ తొక్క గాలి ఆడే బకెట్లో పడితే రెండు నెలల్లో ఎరువవుతుంది.

ఈ మాట ఎత్తినప్పుడల్లా తల్లిదండ్రుల సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతారు: "మేం వేరు చేసి ఇచ్చినా ఆటోలో మళ్ళీ కలిపేస్తున్నారు కదా మేడమ్, ఏం లాభం?" కొన్నిచోట్ల అలా జరుగుతున్న మాట నిజమే. జరిగినచోట నిలదీసి అడగాలి. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం వేరు చేసి ఇవ్వడం మన బాధ్యత, వేరుగానే తీసుకెళ్ళడం వాళ్ళ బాధ్యత. కానీ ఒక్కసారి పొద్దున ఆటో వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడి చూడండి. ఆటో మీద ఉన్న మనిషి కవరు చించి, చేత్తోనే వెతికి సీసాలు, అట్టముక్కలు పక్కకు తీస్తుంటారు. అవి అమ్మితే వచ్చేది వాళ్ళకు కాస్త ఆదాయం. ఆ చేతికి పాచిపోయిన సాంబారు తగులుతుంది, బ్లేడు కోసుకుంటుంది, పగిలిన గాజు గుచ్చుకుంటుంది. ఆటోలో తర్వాత ఏం జరిగినా, మన గేటు దగ్గర ఆ చేతిని కాపాడటం మన చేతిలో ఉన్న పని. గాజు ముక్కలను, బ్లేడ్లను మందంగా పేపర్లో చుట్టి విడిగా ఇవ్వండి. శానిటరీ ప్యాడ్లను, డైపర్లను కూడా పేపర్లో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి ఇవ్వండి.

ఇక ఎరువు సంగతి. చాలామంది వాసనకు, పురుగులకు భయపడి దీని జోలికి పోరు. పద్ధతి కష్టమైనదేమీ కాదు. మూత ఉన్న పాత పెయింటు బకెట్ తీసుకుని శుభ్రంగా కడిగి, పక్కల్లో, అడుగున రంధ్రాలు పెట్టండి. కింద ఒక పళ్ళెం ఉంచండి. అడుగున ఎండుటాకులు లేదా కొబ్బరి పీచు పరవండి. దాని మీద ఆ రోజు తొక్కలు చిన్న ముక్కలుగా చేసి వేసి, మళ్ళీ పైన ఎండుటాకులు చల్లండి. పచ్చిది ఎంత వేస్తే ఎండుది అంతకు తగ్గకుండా పడాలి. మొదట్లో ఒక గ్లాసు పుల్ల మజ్జిగ గానీ గుప్పెడు పాత ఎరువు గానీ కలిపితే త్వరగా పనందుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి కర్రతో తిరగేయండి. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త ఎండుటాకులు వేస్తే సర్దుకుంటుంది. మాంసం ముక్కలు, ఎముకలు, నూనె మాత్రం వేయొద్దు. వానలు మొదలయ్యాయి కాబట్టి జల్లు పడనిచోట పెట్టండి. మా బడి ఆవరణలో రాలిన ఎండుటాకులను ఇక తగలబెట్టం. సంచుల్లో నింపి గేటు పక్కన ఉంచుతాం. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్ళవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. పల్లెల్లో బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు కుడితి గోలెంలోకి పోయేవి. పేడ, ఊడ్చిన చెత్త పెంటకుప్పకు చేరి, వానాకాలానికి ముందు బండ్ల మీద చెలకకు పోయేది. ఈ నెల తెలుగు ఉపాధ్యాయులు పిల్లలకు ఒక పని ఇస్తున్నారు: నాయనమ్మనో, అమ్మమ్మనో, తాతయ్యనో అడిగి, వాళ్ళ చిన్నప్పుడు ఇంట్లో ఏ వస్తువు ఎటు పోయేదో రాసుకు రావాలి. దయచేసి ఆ జవాబులను ఫోన్లో వెతికి రాయించకండి. ఊళ్ళో పెద్దవాళ్ళుంటే ఒక కాల్ చేయించండి.

పొడి చెత్త బుట్ట విషయంలో నేను పిల్లలకు చెప్పే కొలమానం ఒకటుంది: పాత సామాను కొనే కబాడీ ఆయన దాన్ని కొంటాడా? పేపరు, అట్టపెట్టెలు, ఇనుము, నీళ్ళ సీసాలు కొంటాడు. చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు ముట్టుకోడు. వాటిలో ప్లాస్టిక్ పొరా అల్యూమినియం పొరా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, వేరు చేసి మళ్ళీ వాడటం చాలా కష్టం. కబాడీకి పనికిరాని ప్యాకింగ్‌లో వచ్చే సరుకును వీలైనంత తగ్గించి కొందాం. పాల ప్యాకెట్ కడిగి ఆరబెడితే దానికీ గిరాకీ ఉంది. ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంపేయకుండా కొసకు వేలాడనివ్వండి. తెగిపడిన ఆ గోరంత ముక్కను ఎవరూ ఏరరు, నేరుగా మోరీలోకే పోతుంది.

మధ్యాహ్నం గంట కొట్టాక మా భోజనాల గదిలో కనబడేది కూడా మీకు తెలియాలి. బుట్టలో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది వదిలేసిన అన్నం. చిన్న తరగతుల పిల్లలు తినగలిగినదానికన్నా ఎక్కువ డబ్బాలో పెడుతున్నారు. అమ్మ మనసు నాకు తెలుసు, బిడ్డ ఆకలితో ఉండకూడదనే పెడతారు. కాస్త తగ్గించి పెట్టి, సాయంత్రం ఇంటికి రాగానే ఇంకో ముద్ద పెట్టండి. మిగిలితే బుట్టలో పడేయకుండా డబ్బాలోనే ఇంటికి తీసుకెళ్ళమని ఇకనుంచి పిల్లలకు చెబుతున్నాం. డబ్బా తెరిచి చూస్తే ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది. రొట్టెను ఫాయిల్‌లో చుట్టే బదులు ఉతికిన నూలు గుడ్డలో చుట్టి పంపండి, మెత్తగానే ఉంటుంది. వేడి అన్నానికి స్టీలు డబ్బా మంచిది. అలాగని ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ పారేసి కొత్తవి కొనకండి. వాటిలో పప్పులో పోపుదినుసులో పోసుకోండి. ఉన్నదాన్ని చివరిదాకా వాడటమే అన్నిటికన్నా చవకైన పద్ధతి.

పుస్తకాల అట్టల విషయంలోనూ అంతే. ఈ ఏడాది ప్లాస్టిక్ అట్టలు తప్పనిసరి కాదు. పాత క్యాలెండర్ కాగితం వేసినా, న్యూస్‌పేపర్ వేసినా ఏ టీచరూ ఏమీ అనరు. ఇప్పటికే ప్లాస్టిక్ వేసినవాళ్ళు పీకేయక్కర్లేదు. పుట్టినరోజులకు ప్లాస్టిక్ కప్పులు, చెంచాలు, థర్మోకోల్ అలంకరణ తేవద్దు. 2022 జులై 1 నుంచి దేశమంతటా వాటిపై నిషేధం ఉంది. నువ్వుల ముద్దలో, జామకాయలో తెస్తే క్లాసంతా సంతోషంగా తింటారు.

నీళ్ళు, కరెంటు గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. నగరానికి కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి ఇంకా ఎక్కువ దూరం పంపుల మీద వస్తాయి. ట్యాంకు నిండి పొర్లిందంటే నీళ్ళతోపాటు కరెంటూ పారబోసినట్టే. నీళ్ళు శుద్ధి చేసే ఆర్‌వో మెషిన్ ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ పైపు కింద బకెట్ పెట్టి ఇల్లు తుడవడానికి వాడండి. పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు ఒకటి, 11 యూనిట్లలోపు మరొకటి. పాతది పాడైనప్పుడు ఈ లెక్క గుర్తుంచుకుంటే చాలు.

నన్ను ఆలోచింపజేస్తున్న విషయం ఇంకొకటుంది. ఇలాంటి ఉత్తరాలు ఇంటికొచ్చినప్పుడు పని మొత్తం అమ్మ నెత్తిన పడుతుంది. పొద్దున నాలుగు డబ్బాలు కట్టి, తనూ ఉద్యోగానికి పరిగెత్తే మనిషికి ఇది మరో బరువు కాకూడదు. బుట్టలు వేరు చేయడం పిల్లల పని. ఎరువు బకెట్ తిరగేయడం, ఆటో వచ్చినప్పుడు కిందికి తీసుకెళ్ళి ఇవ్వడం నాన్న పని. మొదటి వారం పిల్లలు తప్పులు చేస్తారు, ఉల్లిపొట్టును పొడి బుట్టలో వేస్తారు. కోప్పడకుండా తీయించి మళ్ళీ వేయించండి.

పాత పాఠ్యపుస్తకాలు, పొట్టి అయిపోయిన యూనిఫాంలు ఇవ్వదలచినవాళ్ళు ఉతికి, ఇస్త్రీ చేసి, సైజు రాసి ఈ నెలాఖరులోగా ఆఫీసులో ఇవ్వండి. జులై మొదటి శనివారం మధ్యాహ్నం వాటిని లైబ్రరీలో పెడతాం. ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు, పేర్లు రాసుకోం, డబ్బులు అడగం. అదే రోజు సైన్స్ టీచర్లు ఎరువు బకెట్ తయారుచేసి చూపిస్తారు. పాత బకెట్ వెంట తెచ్చుకుంటే రంధ్రాలు మేమే వేసి ఇస్తాం.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయిని