పాత పాటల హాస్యచిత్రాలను కోయకుండా, సాగదీయకుండా వేయండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హనుమకొండల్లో పాత సినిమాలు వేసి చూపేవాళ్లకు ఒక మనవి. టాకీలు వచ్చిన కొత్తలో, 1929–33 మధ్య తీసిన విదేశీ పాటల హాస్యచిత్రాలకు పిల్లలు సగంలో లేచిపోతే తప్పు ఆ సినిమాలది కాదు, మనం వేసే తీరుది.

'లవ్ మీ టునైట్' (1932) సంగతే తీసుకోండి. పారిస్‌లో ఒక దర్జీ తన దుకాణంలో పాట ఎత్తుకుంటాడు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినాయన అదే కూనిరాగం తీస్తూ వీధిలోకి వస్తాడు. టాక్సీ డ్రైవరు అందుకుంటాడు, టాక్సీ ఎక్కిన సంగీతకారుడు స్వరం రాసుకుంటాడు. రైల్లో సైనికులు, ఆ తర్వాత జిప్సీ ఫిడేలు, చివరికి కోటలో రాకుమారి గొంతు! దర్జీ, రాకుమారి అప్పటికింకా ఒకరినొకరు చూసుకోనేలేదు. ఒగ్గుకథలో వంత అందుకున్నట్టే ఉంటుంది. ఇందులో నిమిషం కోసినా కథే తెగిపోతుంది.

ఇలాంటివి అరుదైపోవడానికి కోతే ఒక కారణం. 1930 చివరికల్లా అమెరికా ప్రేక్షకులకు పాటలు మొహం మొత్తాయి. దాంతో కంపెనీలు తీసిన పాటలనే తీసేసి విడుదల చేశాయి. కొన్నిటికి శబ్దం ఫిల్ము మీద కాక విడిగా 16 అంగుళాల రికార్డు మీద ఉండేది. ఫిల్ము తెగితే ఎన్ని ఫ్రేములు పోయాయో అన్ని నల్ల ఫ్రేములు అతికించాలి, లేకుంటే మాట ఒకచోట, పెదవి ఒకచోట. కాలక్రమంలో కొన్నిటికి రికార్డు మిగిలి బొమ్మ పోయింది, కొన్నిటికి బొమ్మ మిగిలి శబ్దం పోయింది.

ఇక వేసే పద్ధతి. ఈ బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి దాదాపు 4:3. టీవీ వెడల్పుకు నింపితే ఎత్తులో పావువంతు పోతుంది. నాట్యంలో పోయేది పాదాలే. సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. పక్కన నల్లపట్టీలు ఉండనివ్వండి. పాత డీవీడీల్లో చాలావాటిలో సెకనుకు 24 ఫ్రేముల సినిమా 25 ఫ్రేములతో పరుగెత్తుతుంది. గంటన్నర సినిమా మూడున్నర నిమిషాలు ముందే అయిపోతుంది, శ్రుతి అరస్వరానికి కాస్త తక్కువగా పెరిగి గొంతులు కీచుమంటాయి. కంప్యూటర్లో సినిమాలు వేసే వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగం 0.96 పెట్టి, ఆడియో టైమ్ స్ట్రెచింగ్ (వేగం మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచే అమరిక) ఆపేస్తే గొంతు దిగివస్తుంది. గరగర పోవాలని నాయిస్ ఫిల్టర్ బిగించొద్దు. దాంతోపాటు హల్లులు, ఊపిరి కూడా పోతాయి. చాలా పాటలు సెట్లోనే పాడుతూ నటించినవి, ఆ ఊపిరే వాటి ప్రాణం.

హాస్యమంతా ప్రాసల్లో ఉంటుంది. ఒకప్పుడు మన హాళ్లలో పాటల పుస్తకాలు అమ్మినట్టు, పాటలకు తెలుగు అర్థం ఒక కాగితం మీద అచ్చువేసి గేటు దగ్గరే చేతిలో పెట్టండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ